నాకు తప్ప అందరికీ తెలిసిన జబ్బు

ఎల్లారెడ్డి బజారులో నాదొక చిన్న టైలరింగ్ దుకాణం. ముందు గదిలో మిషన్లు, వెనక గదిలో కాపురం. కాపురం అంటున్నాను గానీ అందులో ఉండేది నేనొక్కదాన్నే. మా ఆయన మస్కట్‌లో ఏసీ మెకానిక్. మా అమ్మాయి మౌనిక కామారెడ్డిలో మా అక్క వాళ్ళింట్లో ఉండి ఇంటర్ చదువుతోంది.

పోయిన ఏడాది నాకు చిగుళ్ళ జబ్బు చేసింది. గుండెకో కిడ్నీకో వస్తే చుట్టాలు యాపిల్స్ పట్టుకుని చూడ్డానికి వస్తారు. చిగుళ్ళకు వస్తే ఎవరూ రారు. పైగా పక్కన ఉన్నవాళ్ళు కూడా కాస్త జరిగి కూర్చుంటారు. వాళ్ళు ఎందుకు జరిగారో మనకు చెప్పరు. నా జబ్బంతా అక్కడే ఉంది. నొప్పి కన్నా అదే ఎక్కువ బాధ పెట్టింది. ఇప్పుడు చాలావరకు తగ్గింది కాబట్టి కూర్చుని రాయగలుగుతున్నాను.

ఎండాకాలం

అసలు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. పొద్దున బ్రష్ చేసుకుంటుంటే నురుగు గులాబీ రంగులో రావడం ఎండలు ముదరక ముందు నుంచే ఉంది. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్ళు తాగాను. తగ్గలేదు. బ్రష్ గట్టిగా ఉండి గీరుకుంటోందేమోనని దాన్ని పక్కన పడేసి, వేలితో ఎర్ర పళ్ళపొడి రుద్దుకోవడం మొదలుపెట్టాను. వేలు మెత్తన కదా, రక్తం తక్కువైంది. తగ్గిపోయిందని సంతోషపడ్డాను. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఆ పనే చేస్తుంటే దయచేసి ఇవాళే మానండి. రక్తం వస్తోందని శుభ్రం చేయడం మానేస్తే, ఆ రక్తం ఎందుకు వస్తోందో అది లోపల ఇంకా పెరుగుతుంది. నాకు పెరిగింది.

ఆ ఎండాకాలం దప్పిక కూడా ఎక్కువగా ఉండేది. బిందెలో నీళ్ళు ఎప్పుడు అయిపోయేవో తెలిసేది కాదు. ఎండలకనుకున్నాను. నీరసం వస్తే పని ఎక్కువైందనుకున్నాను. నిజానికి పని ఎక్కువ కాలేదు, తక్కువైంది.

కొలతలు ఇవ్వడానికి వచ్చే ఆడవాళ్ళు తగ్గారు. వచ్చినవాళ్ళు జాకెట్టు గుడ్డతో పాటు సరిగ్గా అతికే పాత జాకెట్టొకటి కవర్లో పెట్టి తెచ్చేవారు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. "దీని తీర్గనే కుట్టక్కా" అని బల్ల మీద పెట్టి, గడప దగ్గరి నుంచే వెళ్ళిపోయేవారు. ఇదివరకు అట్లా కాదు. కొలతలు ఇస్తూ ఇంటి సంగతులన్నీ చెప్పేవారు. మెడ చుట్టూ, భుజం మీద, చేతి కింద టేపు తిప్పుతుంటే నా ముఖం వాళ్ళ ముఖానికి జానెడు దూరంలో ఉండేది. ఎన్ని గుట్టు మాటలు, ఎన్ని కన్నీళ్ళు ఆ జానెడు దూరంలో విన్నానో! ఇప్పుడు అందరికీ తొందరే అనుకున్నాను. సెంటర్లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్‌తో కొత్త దుకాణం పెట్టారు, మనుషులు అటు పోతున్నారనుకున్నాను.

నా పక్క దుకాణం రఫియా అక్కది, గాజుల దుకాణం. వయసులో నాకన్నా పెద్దది. ఆమె మాత్రం రోజూ మధ్యాహ్నం చాయ్ పట్టుకుని వచ్చి నా మిషన్ పక్కన స్టూలు మీద కూర్చునేది. చాయ్ అయ్యాక కొంగు ముడిలోంచి ఒక ఇలాచీ తీసి నా చేతిలో పెట్టేది. "నములు, మంచిగుంటది" అనేది. ఆమె కూడా ఒకటి నోట్లో వేసుకునేది. ఆప్యాయత అనుకున్నాను. ఆప్యాయతే అది. కానీ అందులో ఇంకో మాట ఉందని నాకు తెలియలేదు.

ఆ వైశాఖంలోనే మా ఆయన సెలవు మీద వచ్చాడు. రెండేళ్ళకు వచ్చాడు. వచ్చే ముందు ఫోన్లో ఎన్నెన్ని మాటలు చెప్పాడో! వచ్చిన మొదటి రోజు బాగానే ఉన్నాడు. రెండో రోజు నుంచి "ఇంట్ల ఉక్కపోస్తుంది" అంటూ చాప తీసుకుని డాబా మీదికి పోయేవాడు. నేనూ పైకి వస్తానంటే, "నీకు పొద్దుగాల పనుంటది, పండుకో" అనేవాడు. పక్కన కూర్చుని మాట్లాడుతుంటే ముఖం టీవీ వైపు తిప్పుకునేవాడు. నేను మాట్లాడేకొద్దీ టీవీలో ఇంకా ఏదో ముఖ్యమైనది వస్తున్నట్టు చూసేవాడు.

పెళ్ళయి ఇరవై ఏళ్ళు దగ్గర పడుతున్న ఆడమనిషి అట్లాంటప్పుడు ఏమనుకుంటుంది? అక్కడ ఇంకెవరైనా ఉన్నారేమోననుకున్నాను. లేదంటే నేను ముసలిదాన్నయ్యానేమో. అద్దంలో నా జుట్టు చూసుకున్నాను, నడుము చూసుకున్నాను. నోరు తెరిచి చూసుకోవాలని మాత్రం తోచలేదు.

వెళ్ళే రోజు కామారెడ్డి బస్టాండు దాకా నేనూ వెళ్ళాను. హైదరాబాద్ బస్సు ఎక్కబోతూ ఆగాడు.

"నీ పానం మంచిగ చూస్కో," అన్నాడు. "ఒక్కసారి డాక్టర్ దగ్గరికి పోయి చూపెట్టుకో."

"నాకేమైంది?" అన్నాను.

"ఏం కాలే. ఊర్కెనే. అందరు చూపెట్టుకుంటరు గదా."

ఇంకేదో అనబోయాడు. కండక్టర్ పిలిచాడు. ఎక్కి కూర్చుని కిటికీలోంచి చెయ్యి ఊపాడు. తిరిగి ఎల్లారెడ్డి బస్సులో వస్తుంటే ఏడుపు ఆగలేదు. పక్క సీటు ఆమె లేచి వేరే సీట్లోకి వెళ్ళింది. నేను ఏడుస్తున్నందుకు అనుకున్నాను.

ఆషాఢం

ఒక ఆదివారం మౌనిక చెప్పకుండా వచ్చింది. అన్నం తిన్నాక నేను జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే కిందనే కూర్చుని కత్తిరింపు ముక్కలు ఏరి కుప్ప పెడుతూ ఉంది. పిల్ల ఎప్పుడైనా అట్లా చేతికి పని కల్పించుకుందంటే ఏదో ఉందన్నమాట.

"అమ్మా, ఒకటి చెప్త. తిట్టద్దు."

"చెప్పు."

"బాపు చెప్పమన్నడు."

నా చేతిలో సూది ఆగిపోయింది. వేరే సంసారం సంగతే అనుకున్నాను. అది కూతురి చేత చెప్పిస్తున్నాడా అనుకున్నాను.

"నువ్వు పండ్ల డాక్టర్ దగ్గరికి పోవాల్నంట."

నవ్వొచ్చింది నాకు. నిజంగానే నవ్వాను. "నా పండ్లకేమైందే?"

మౌనిక తల ఎత్తలేదు. "నోరు... వాసనొస్తుందమ్మా. చాన రోజుల సంది."

"మీ బాపుకేం తెల్సు? ఉన్నదే ఒక్క నెల, పోయి గూడ నెలాయె."

"నాక్కూడ తెల్సు," అంది.

ఆ మాట విన్నాక గదిలో మిషన్ల మధ్య నేను ఎటు చూడాలో నాకు తెలియలేదు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఎన్నో నెలలు ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. "మరి నువ్వెందుకు చెప్పలేదే?" అని అడగలేకపోయాను, ఎందుకంటే అడగాలంటే నోరు తెరవాలి. పిల్ల ఏడ్చింది. దగ్గరికి తీసుకోబోయి ఆగిపోయాను. సాయంత్రం బస్సుకు అది వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. కోపం వచ్చింది. మస్కట్‌లో ఉన్న మనిషి కామారెడ్డిలో ఉన్న పిల్లకు ఫోన్ చేసి, వాళ్ళిద్దరూ నా నోటి గురించి మాట్లాడుకున్నారు. నాకు చెప్పడానికి మాటలు ఏరుకున్నారు. నాతో తప్ప అందరూ మాట్లాడుకున్నారు. ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. గడప దగ్గరే ఆగిపోయిన ఆడవాళ్ళు. ఆది జాకెట్లు. బస్సులో సీటు మారిన ఆమె. టీవీ వైపు తిరిగిన ముఖం. రఫియా అక్క ఇలాచీ.

రఫియా అక్క మధ్యాహ్నం చాయ్ తెస్తే, తలనొప్పిగా ఉందని తలుపు దగ్గరగా వేశాను. మరుసటి రోజు కూడా. తర్వాత ఆమె రావడం మానేసింది. దుకాణంలో మాస్కు పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఎవరైనా అడిగితే గుడ్డల దుమ్ము పడడం లేదని చెప్పేదాన్ని. ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడేదాన్ని కాదు. సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా ఉండేది.

మరి డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటారా? భయం. మా దగ్గర ఆడవాళ్ళు చెప్పుకునే మాటలు రెండున్నాయి. పళ్ళు క్లీన్ చేయిస్తే వదులై రాలిపోతాయని ఒకటి, పన్ను పీకితే కంటిచూపు తగ్గుతుందని ఇంకొకటి. టైలర్‌కు చూపు పోతే ఏముంటుంది? సూదిలో దారం ఎక్కించలేని దాన్ని ఎవరు పిలుస్తారు? లవంగం నూనె రాసుకున్నాను. ఉప్పు నీళ్ళు పుక్కిలించాను. కొత్త బ్రష్ కొని రెండు రోజులు తోమాను, రక్తం చూసి మళ్ళీ మానేశాను.

శ్రావణం

శ్రావణంలో పెళ్ళిళ్ళు. ఆది జాకెట్లతోనైనా సరే, పని దండిగా వచ్చింది. టైలర్లందరికీ ఒక చెడ్డ అలవాటుంటుంది, కత్తెర చేతికి అందకపోతే దారాన్ని పళ్ళతో తెంపుతాం. ఒక రోజు అట్లాగే కింది ముందు పళ్ళతో దారం కొరికితే దారం తెగలేదు, పన్ను కదిలింది. నాలుకతో తోస్తే అటూ ఇటూ ఊగింది. దాని పక్కది కూడా. చిన్నప్పుడు పాలపళ్ళు ఊగినప్పుడు ఎంత సంబరంగా ఉండేది! ఇప్పుడు మళ్ళీ నాలుకతో తోసి చూడడానికి కూడా ధైర్యం చాలలేదు.

ఆ వారంలోనే ఎడమ దవడ వాచింది. లోపల చిగురు గడ్డ కట్టినట్టయింది. చెవి దాకా పోటు. జ్వరం. నోరు సరిగ్గా తెరుచుకోలేదు. గంజి చల్లార్చుకుని చెంచాతో తాగాను. మింగినప్పుడల్లా కన్ను తడిచేది. ఇక తప్పలేదు. కుట్టాల్సిన గుడ్డలు మూట కట్టి పక్కన పెట్టి, పొద్దున్నే కామారెడ్డి బస్సెక్కాను. అక్క ఇంటికి వెళ్ళలేదు. కాలేజీలో ఉన్న మౌనికకు ఫోన్ చేయలేదు. బస్టాండు నుంచి ఆటోలో నేరుగా పళ్ళ దవాఖానకు పోయాను.

అక్కడ కూర్చున్నవాళ్ళందరూ జంటలు జంటలుగా వచ్చారు. దవడ పట్టుకున్న భర్త పక్కన భార్య, ఏడుస్తున్న పిల్ల పక్కన అమ్మా నానమ్మా. నేను గోడ వైపు కుర్చీ చూసుకుని, మాస్కు మీద కొంగు కూడా అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

పక్కన ఒక అవ్వ ఉంది. భిక్నూర్ నుంచి వచ్చిందట. కాసేపు నన్ను చూసి, "ఏమైంది బిడ్డా?" అంది.

"చిగుర్లు వాచినయ్ అవ్వా."

"మరి కొంగెందుకు అడ్డం? ఈడికొచ్చిందే నోరు చూపెట్టనీకి గదా." అని తన నోరు బార్లా తెరిచి చూపించింది. "సూడు. ఒక్కటన్న ఉన్నదా? పండ్ల సెట్టు కోసమొచ్చిన. మక్క కంకి తినక ఎన్నేండ్లాయెనో. నాకు లేని సిగ్గు నీకెందుకే?"

నవ్వితే దవడ గుంజింది. అయినా నవ్వాను.

లోపలికి పిలిచే ముందు కౌంటర్ దగ్గరి అమ్మాయి అడిగింది, "మీ ఎంబడి ఎవరొచ్చిండ్రు మేడం?" వాపులోంచి చీము తీయాల్సి వస్తే కొందరికి కళ్ళు తిరుగుతాయట, ఎవరో ఒకరు ఉండాలట. ఎవరూ లేరన్న మాట అంతమందిలో నోటి నుంచి రాలేదు.

అవ్వ వెనక నుంచి అంది: "నేనున్న. పో బిడ్డా, లోపటికి పో."

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కుర్చీ వెనక్కి వాల్చి, లైటు నా నోటి మీదికి తిప్పి, ముఖం బాగా దగ్గరికి తెచ్చి చూసింది. మాస్కు ఉంది ఆమెకు, నాకు తెలుసు. అయినా ఎన్నో నెలల తర్వాత ఒక మనిషి ముఖం నా ముఖానికి అంత దగ్గరగా వచ్చింది. వెనక్కి పోలేదు. పక్కకు తిరగలేదు. ఒక్కొక్క పన్ను దగ్గరా ఆగి ఆగి చూసింది. నా కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నొప్పెడుతోందా అని అడిగింది. కాదని తల ఊపాను.

చూడడం అయ్యాక నేనే అడిగాను. "డాక్టరమ్మా, నా నోరు వాసనొస్తుందా?"

"వస్తుందమ్మా," అంది. పత్తి తీసుకుంటూనే, మామూలుగా. "చిగుర్లల్ల చీమున్నది గదా, వస్తది. చీము పోతే వాసన గూడ పోతది. మీరేదో తప్పు చేసినట్టు అడుగుతున్నరు. ఇది జబ్బు, గంతే."

అప్పటిదాకా ఎవరూ నాకు సూటిగా జవాబు చెప్పలేదు. ఆ 'వస్తుంది' అన్న మాట వినగానే బాధ కలగాలి. కలగలేదు. గుండెల మీద నుంచి ఏదో దింపినట్టయింది.

చూపు సంగతి కూడా అడిగేశాను. ఆమె నవ్వింది. "పన్నుకు కన్నుకు ఏం సంబంధం లేదమ్మా. క్లీనింగ్ చేస్తే పండ్లు వదులు గావు. పంటికి చిగురుకు నడుమ గార పేరుకపోయి, చిగురు పన్నును ఇడిచిపెట్టింది. ఆ గార తీస్తే ఖాళీ కనబడ్తది, అందుకే జనం వదులైనయ్ అనుకుంటరు." తర్వాత నా వైపు పరీక్షగా చూసి, "నీళ్ళు బాగ తాగుతున్నరా? షుగర్ ఎప్పుడన్న చూపెట్టుకున్నరా?" అంది.

చూపించుకోలేదు. ఆ రోజే రక్తం ఇచ్చాను. షుగర్ ఉంది, బాగా ఎక్కువగానే ఉంది. అది అదుపులో లేకపోతే చిగుళ్ళు మానవని, చిగుళ్ళలో చీముంటే షుగర్ తగ్గదని చెప్పింది. షుగర్ డాక్టర్ దగ్గరికి కూడా పంపింది. అది విని నేను భయపడాల్సింది. కానీ ముందు కలిగింది వింత ఊరట. నీరసం, దప్పిక, నోరు, అన్నింటికీ ఒక పేరు దొరికింది. భయం తర్వాత వచ్చింది, ఇంటికి పోయి అన్నం గిన్నె మూత తీసినప్పుడు.

చీము తీయించుకుని, నోట్లో పత్తితో బయటికి వస్తే అవ్వ ఇంకా అక్కడే ఉంది. ఆమె పని ఎప్పుడో అయిపోయిందట. కొడుకు వచ్చి బండి దగ్గర నిలబడి విసుక్కుంటున్నాడు.

"ఇంక పోలేదా అవ్వా?" అన్నాను పత్తితోనే.

"ఉన్న అని చెప్తి గదా," అంది. నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి, కొడుకు వెంట వెళ్ళిపోయింది. ఆమె పేరు నేను అడగలేదు.

బతుకమ్మ నెల

వాపు తగ్గి, మందులతో షుగర్ దిగడం మొదలుపెట్టాక క్లీనింగ్ మొదలైంది. ఒక్కోసారి నోట్లో ఒక్కో పక్క. తిమ్మిరి సూది, చెవి దాకా గియ్యిమనే చప్పుడు, నోటి నిండా ఉప్పగా రక్తం. ప్రతిసారీ ఒక్కదాన్నే బస్సులో వెళ్ళి, ఒక్కదాన్నే తిరిగొచ్చాను. తిమ్మిరి పోయేదాకా పెదవి ఎక్కడుందో తెలియదు. కండక్టర్‌కు ఊరి పేరు చెప్తే నత్తిగా వచ్చేది.

ఊగుతున్న ఆ రెండు ముందు పళ్ళు నిలవలేదు. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూలకు ముందు తీసేశారు. తీస్తుంటే నొప్పి లేదు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఎవరో తెలియని ముసలామె కనబడింది.

మా వీధి ఆడవాళ్ళు సాయంత్రాలు బతుకమ్మ ఆడేవారు. చీరల మీదికి కొత్త జాకెట్లు సగం నేను కుట్టినవే. చప్పట్లు, పాట నా గదిలోకి వినబడేవి. పాడాలంటే నోరు తెరవాలి కదా. మెత్తగా పిసికిన పెరుగన్నం ముందు పెట్టుకుని, నేను కుట్టిన జాకెట్లు గుండ్రంగా తిరుగుతున్నాయని ఊహించుకుంటూ కూర్చున్నాను. పిలవడానికి ఎవరూ రాలేదు. తప్పు వాళ్ళది కాదు. అన్ని నెలలు తలుపు మూసుకున్నది నేనే.

అట్లాంటి ఒక సాయంత్రం రఫియా అక్క గిన్నె పట్టుకుని వచ్చింది. మెత్తగా వండిన కిచిడీ. బల్ల మీద పెట్టి పోబోతుంటే అడిగాను.

"అక్కా, నీకు తెల్సు గదా?"

ఆమె నిలబడిపోయింది. "తెల్సు."

"మరెందుకు చెప్పలే?"

"చెప్పాల్ననే వచ్చేదాన్ని, రోజు. ఇలాచీ చేతుల వెడ్తె అర్థమైతదేమో అనుకున్న. నోటితోని చెప్తె నువ్వు బాధపడి దుకాణం బంద్ చేసి పోతవేమోనని డర్ అయింది." స్టూలు లాక్కుని కూర్చుంది. "నువ్వు పోతె గీ గల్లీల నాతోని మాట్లాడెటోల్లు ఎవరున్నరు, సుజాతా? నాకు కొడుకులు ఫోన్ గూడ చెయ్యరు, నీకెరుకే గదా."

కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. అందరూ దూరం జరిగిన రోజుల్లో అంతా తెలిసి కూడా నా పక్కనే కూర్చున్నది ఆమె ఒక్కతే. మాస్కు తీసి, ముందు పళ్ళు లేని నా నోటితో ఆ కిచిడీ ఆమె ముందే తిన్నాను.

దసరా సెలవులకు మౌనిక వచ్చింది. పొద్దున, పడుకునే ముందు నా పక్కన నిలబడి, బ్రష్ ఎట్లా తిప్పాలో డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేయించేది. చిగురు దగ్గర వాల్చి, మెల్లగా. అది అటు తిరగ్గానే నేను, "మౌనికా, ఇప్పుడు చూడు. వస్తుందా?" అని అడిగేదాన్ని.

"లేదమ్మా."

మధ్యాహ్నం మళ్ళీ అడిగేదాన్ని. రాత్రి మళ్ళీ. చివరికి దానికి విసుగొచ్చింది.

"ఉన్ననాడు ఉన్నదని చెప్పింది నేనే గదమ్మా. ఇప్పుడు అబద్ధమెందుకు చెప్త?"

అది నిజమే. అయినా నమ్మకం కుదరలేదు. జబ్బు చిగుళ్ళలోంచి పోయాక కూడా మనసులోంచి పోవడానికి వేరే సమయం పడుతుందని ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ ఎదుటి మనిషి ముక్కు తుడుచుకుంటే నా మాట ఆగిపోతుంది.

చలికాలం

పళ్ళు తీసిన చోట కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాను. మొదట నాలుక వాటిని ఊరికే ఉండనివ్వలేదు. తర్వాత అలవాటైంది. షుగర్ అదుపులో ఉంది. చిగుళ్ళు గులాబీ రంగుకు వచ్చాయి. వెళ్ళిన గిరాకీలో కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. కొలతలు తీసుకునేటప్పుడు ఇంకా మాస్కు పెట్టుకుంటున్నాను. అవసరం లేదని తెలుసు.

మా ఆయనతో మాత్రం ఆ సంగతి మాట్లాడలేదు. రోజూ ఫోన్ చేసేవాడు. అన్నం తిన్నావా, చలి ఎట్లుంది, పిల్ల చదువు ఎట్లుంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళానని మౌనిక చెప్పిందట. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. వీడియో కాల్ వస్తే చీకట్లో ఉన్నానని కెమెరా ఆపేసేదాన్ని.

సంక్రాంతి దాటాక ఒక శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. ఆయనకు సెలవు రోజు. "ఎండాకాలం మల్ల వస్తున్న, లీవ్ దొరికింది," అన్నాడు.

ఆ మాటకు సంతోషం కాదు, భయం వేసింది. మళ్ళీ చాప, మళ్ళీ డాబా గుర్తొచ్చాయి. అప్పుడు అనేశాను.

"పోయినసారి నాకెందుకు చెప్పలే?"



"చెప్పాల్ననే అనుకున్న. రెండేండ్లు నాకోసం ఎదురుచూసినవ్. వచ్చీ రాంగనే నోరు వాసనొస్తుందని ఎట్లనాలె? బస్టాండ్ల గూడ చెప్పబోయిన. నోరు రాలే."

"అనాల్సింది," అన్నాను. "నువ్వు చాప పట్టుకోని డాబా మీదికి పోయినవ్ చూడు, దానికంటె అదే నయ్యం. నీకింకెవరో ఉన్నరనుకున్న. ఏడ్సుకుంట బస్సుల వచ్చిన."

"అయ్యో," అన్నాడు. అంతే. అవతల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడింది. వాళ్ళ రూములో చాలామంది ఉంటారు. ఆయన లేచి బయటికి వెళ్ళినట్టున్నాడు, గాలి చప్పుడు వచ్చింది. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు:

"ఇగో, సుజాతా. నాక్కూడ రక్తమొస్తుంది. బ్రష్ చేస్తె. చాన రోజులాయె. రూంల ఎవ్వనికి చెప్పలే."

"ఎన్నాళ్ళ సంది?"

"తెల్వది. వేలుతోని తోముతున్న ఇప్పుడు."

"బ్రష్ మానెయ్యద్దు! షుగర్ చూపెట్టుకున్నవా? అక్కడ పండ్ల డాక్టర్ లేడా?" ఒకదాని మీద ఒకటి అడిగాను. ఆయన 'చూస్త, చూస్త' అంటూ దాటేశాడు. సిగ్గుపడుతున్నాడని అర్థమైంది. నాకు ఆ సిగ్గు బాగా తెలుసు.

"వీడియో పెట్టు," అన్నాను. ఆ మాట అంటూ నా కెమెరా కూడా నేనే ఆన్ చేశాను. తెర మీద ఇద్దరం కనబడ్డాం. ఆయన గడ్డం నెరిసింది. నేను ఎట్లా కనబడ్డానో తెలియదు.

"టార్చ్ వెయ్యి. నోరు తెరువు."

"ఈడ మనుషులున్నరే."

"ఉండనీ. తెరువు."

ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని తెరిచాడు. వెలుతురు మొదట కళ్ళ మీద పడింది, తర్వాత పెదవి మీద, తర్వాత లోపల. కింది పళ్ళ వెనక గోడలాగా పసుపుపచ్చ గార. చిగుళ్ళు ఎర్రగా, ఉబ్బి ఉన్నాయి. దుకాణంలో నేనొక్కదాన్నే ఉన్నాను, రఫియా అక్క ఇంటికి పోయింది. మిషన్ మీద ఫోన్ ఆనించి, వంగి, తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా చూశాను. ఈ మనిషి ముఖాన్ని అంత దగ్గరగా ఎప్పుడు చూశానో గుర్తు లేదు.

నోరు తెరిచే ఉంచి ఆయన ఏదో అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"మాట్లాడకు," అన్నాను. "పైది గూడ చూడాలె. మూయకు."